పాతబట్టకు కొత్త కుట్టు: దుస్తుల అప్‌సైక్లింగ్

వాడి వదిలేసిన బట్టను యంత్రంలో వేసి పోగులుగా చీల్చకుండా, గుడ్డను గుడ్డగానే ఉంచి, కుట్లు విప్పి, పనికొచ్చే భాగాలు ఏరి, కొత్త వస్తువుగా కుట్టడాన్ని అప్‌సైక్లింగ్ అంటున్నారు. పాత చీర పొడుగు జాకెట్ కావచ్చు, అరిగిన జీన్సు ప్యాంటు భుజాన వేసుకునే సంచీ కావచ్చు, ఎగుమతి ఫ్యాక్టరీలో మిగిలిపోయిన తాను చివర్లు కలిసి ఒక చొక్కా కావచ్చు. పేరు కొత్తదే గాని పని సూది పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. కొత్తగా వచ్చిందల్లా దీన్ని వ్యాపారంగా నడపడం, ఆ వ్యాపారంలో కుట్టేవాళ్లకి కూలి ఒక్కటే కాక వాటా, మాట కూడా ఉండాలని పట్టుబట్టడం.

ఈ సరుకు చూసినవాళ్లకి ముందు తట్టేది ధర. పారేసిన బట్టే కదా, దానితో కుట్టిన కోటు దుకాణంలో కొత్త కోటుకన్నా ఎక్కువ ఎందుకు పలుకుతుంది?

రెడీమేడ్ ఫ్యాక్టరీలో ఒకే రంగు, ఒకే పన్నా ఉన్న గుడ్డను బల్లమీద పదుల పొరలుగా పరుస్తారు. పైన నమూనా వేసి, కరెంటు కత్తితో ఒక్క కోతలో డజన్లకొద్దీ చేతులు, కాలర్లు తీసేస్తారు. కుట్టే మనిషి రోజంతా ఒకే కుట్టు వేస్తూ పోతుంది. పాతబట్ట దగ్గర ఈ పద్ధతి ఏదీ సాగదు. ఏ రెండు ముక్కలూ ఒకలా ఉండవు. ముందు ఉతకాలి, ఆరేశాక వెలుతురుకి పట్టి చూడాలి, మరకలు, చిల్లులు, పలచబడ్డ చోట్లు గుర్తుపట్టాలి, గుండీలు, జిప్పులు తీయాలి. మామూలు చొక్కా ఒకటి విప్పితే కాలరు, పట్టీ, భుజం ముక్క, కఫ్‌లు, జేబు అంటూ చిన్నా చితకా ముక్కలే మిగులుతాయి. జీన్సు ప్యాంటు మోకాళ్ల దగ్గర, తొడల మధ్య అరుగుతుంది. మోకాలి కిందిభాగం గట్టిగా ఉంటుంది. ఎక్కడ కొయ్యాలో నిర్ణయించేది బల్లముందు కూర్చున్న మనిషే. డిజైనరు గీసిన బొమ్మ అక్కడ సగం దారి వరకే పనికొస్తుంది.

చీర ఒక్కటే ఈ చిక్కుల్లో చాలావాటి నుంచి బయటపడింది. కుట్టని గుడ్డ కాబట్టి ఐదున్నర మీటర్లు ఒకే పట్టీగా చేతికొస్తుంది. అయినా దానికీ ఓ పటం ఉంటుంది: నడుం దగ్గర లోపలికి దోపే భాగం రంగు వెలియకుండా ఉంటుంది, నేలకు రాసుకునే అంచు ముందు చిరుగుతుంది, భుజం దగ్గర పిన్నుల చిల్లులుంటాయి, ఫాల్ విప్పిన చోట సూదిగీత కనిపిస్తుంది. భారతదేశంలో ఈ రంగం చీరల చుట్టూనే ఎక్కువగా అల్లుకోవడానికి, భావోద్వేగం కన్నా ముందు, ఈ ఐదున్నర మీటర్ల సౌలభ్యం కారణం.

బండిమీద, బుట్టలో, బజారులో

తెలుగు ఇళ్లలో బట్టకు వరసగా కొన్ని జన్మలుండేవి. అమ్మ పట్టుచీర కూతురికి పట్టులంగా అయ్యేది. మెత్తబడ్డ నేతచీర ఉయ్యాలగా, పసిబిడ్డకు పొత్తిగుడ్డగా మారేది. నాలుగైదు చీరలు పొరలుగా పేర్చి, అంచులు మడిచి, కచ్చాకుట్లతో బొంత కుట్టేవారు. ఆఖరికి మిగిలింది వంటింట్లో మసిగుడ్డ. అసలు జరీ ఉన్న పాత పట్టుచీరలను జరీ కోసం కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంట్లో ఇమడనిది వీధిలోకి వెళ్లేది, స్టీలు సామాన్ల గంపతో వచ్చే మనిషి దగ్గరికి. ఒక గిన్నెకు ఎన్ని చీరలు, ప్యాంట్లు ఎన్ని అని గుమ్మం దగ్గర జరిగే ఆ బేరం వెనుక దేశమంతా పాకిన వ్యాపారం ఒకటుంది. ఉత్తర, పశ్చిమ భారతంలో దీన్ని ఎక్కువగా నడిపేది గుజరాత్ మూలాలున్న వాఘ్రీ సముదాయం. ఢిల్లీలోని రఘుబీర్ నగర్‌లో తెల్లవారకముందే మొదలయ్యే వాళ్ల సంతకు ఇళ్ల నుంచి సేకరించిన బట్టలు వచ్చి చేరతాయి. బాగున్నవి ఉతికి, ఇస్త్రీ చేసి మళ్లీ తొడుక్కోవడానికి, పట్టుచీరలు దిండుగలీబులు, పర్యాటకుల దుస్తులు కుట్టేవాళ్లకి, మరీ చిరిగినవి యంత్రాలు తుడిచే పీలికలుగా వెళ్తాయి. ఈ వ్యవస్థను ఏళ్ల తరబడి దగ్గర నుంచి పరిశీలించిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త లూసీ నోరిస్ 2010లో దీనిమీద పుస్తకం ప్రచురించారు. అప్‌సైక్లింగ్ దుకాణాలు తమను తాము కొత్త ఆలోచనగా చెప్పుకున్నప్పుడు ఈ గంపల వాళ్ల పేరు అరుదుగా వినిపిస్తుంది. వాళ్ల ఏరివేత లేకపోతే వాడిన బట్టతో కుట్టే దుకాణాలకు సరుకే చేరదు.

బొంత నుంచి సహకార సంఘానికి

ఇంటి అవసరానికి కుట్టిన బొంత అమ్మకానికి వెళ్లినప్పుడు ఏమవుతుందో చెప్పడానికి అన్నిటికన్నా లోతైన ఉదాహరణ అమెరికాలో ఉంది. అలబామా నది వంపులో ఉన్న గీస్ బెండ్ అనే పల్లెలో ఒకప్పుడు పత్తి తోటల బానిసలుగా ఉన్నవారి వారసులు ఉంటారు. అక్కడి స్త్రీలు పొలంలో వేసుకున్న డెనిమ్ ప్యాంట్లు, పిండిసంచులు, చిరిగిన గౌన్లతో బొంతలు కుట్టేవారు. 1942లో మిజౌరి పెట్‌వే అనే ఆమె చనిపోయిన భర్త పనిబట్టలన్నీ కలిపి ఒక బొంత కుట్టింది. మోకాళ్ల దగ్గర వెలిసిన మచ్చలు అందులో అలాగే ఉన్నాయి.

ఓటుహక్కు కోసం పేరు నమోదు చేయించుకున్నందుకు ఆ ప్రాంతంలో నల్లజాతి కుటుంబాలు ఇళ్లు, పనులు పోగొట్టుకున్నాయి. పల్లెను పట్టణంతో కలిపే పడవను 1962లో ఆపేస్తే, అది మళ్లీ నడిచింది 2006లో. ఈ పరిస్థితుల్లో 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పుట్టింది. ఫ్రాన్సిస్ వాల్టర్ అనే క్రైస్తవ మతాచార్యుడి చొరవతో బొంతలు న్యూయార్క్ చేరాయి, పెద్ద దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. ఆర్డర్లతో పాటు షరతులూ వచ్చాయి: కొలతలు ఒకేలా ఉండాలి, రంగులు జతపడాలి, కుట్లు సమంగా రావాలి. తోచినట్టు ముక్కలు పేర్చుకునే చేతులు నమూనా చూసి కుట్టాల్సి వచ్చింది. 1972లో సియర్స్ కంపెనీ కార్డ్‌రాయ్ దిండుగలీబుల పని ఇచ్చింది. జీతం వచ్చింది, కళ పోయిందన్నారు కొందరు. ఆ పనిలో మిగిలిన కార్డ్‌రాయ్ ముక్కలను మాత్రం స్త్రీలు ఇళ్లకు పట్టుకెళ్లి తమకిష్టమైన బొంతలు కుట్టుకున్నారు. 2002లో గీస్ బెండ్ బొంతలు హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీదికి వచ్చాయి.

భారతదేశంలో దీనికి దగ్గరగా కనిపించేది ఉత్తర కన్నడ జిల్లా అడవుల అంచున యల్లాపుర, హళియాళ ప్రాంతాల్లోని సిద్దీల పని. పోర్చుగీసుల కాలంలోనూ అంతకు ముందూ ఆఫ్రికా నుంచి తెచ్చినవారి వారసులు వీరు. వీరి బొంతను కవంది అంటారు. అడుగున ఒక పాత చీర పరిచి, ఒక మూల నుంచి మొదలెట్టి అంచుల వెంట చుట్టూ తిరుగుతూ, ముక్కమీద ముక్క పెట్టి కుట్టుకుంటూ నడిమికి వస్తారు. నాలుగు మూలల్లో మడిచిన చిన్న గుడ్డముక్కలను పువ్వులుగా కుడతారు. అవి లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు. అమెరికా కళాచరిత్రకారుడు హెన్రీ డ్రూవల్ వీటిమీద పరిశోధన చేస్తూ స్త్రీల సహకార సంఘం ఏర్పడటానికి తోడ్పడ్డారు.

బిహార్ సుజనీ కథ వేరే మలుపు తిరిగింది. పాత చీరలు, ధోవతులు పొరలుగా పేర్చి పసిబిడ్డలకు కుట్టే ఈ బొంతను ముజఫ్ఫర్‌పుర్ జిల్లా భుసురా గ్రామంలో 1988 నుంచి అదితి అనే సంస్థ సాయంతో స్త్రీలు ఆదాయమార్గంగా మలుచుకున్నారు. వరకట్నం, ఆడపిల్లల చదువు, పంచాయతీ వంటి సంగతులు బొమ్మలుగా కుట్టారు. అయితే మార్కెట్‌కి వెళ్లే సుజనీ ఇప్పుడు ఎక్కువగా కొత్త గుడ్డమీదే వస్తోంది. బెంగాల్ కాంథా అంతే: పాత చీరల బొంతగా పుట్టింది కొత్త పట్టుచీర మీద అలంకారంగా అమ్ముడవుతోంది. కుట్టు బతికింది, పాతబట్ట తప్పుకుంది. కొనేవాళ్లకి పాతది అన్న మాట చాలాకాలం నచ్చలేదు. ఇప్పుడు నచ్చుతోంది గనుక దారి మళ్లీ వెనక్కి తిరుగుతోంది.

ముంబై చీర, ఢిల్లీ తాను

అలా తిరిగిన దారిలో బాగా తెలిసిన పేరు ముంబైలోని 'ఐ వాజ్ ఎ సారీ'. ఇటలీకి చెందిన స్టెఫానో ఫునారి 2013లో మొదలుపెట్టిన ఈ సంస్థ నగరంలోని పాతబట్టల వ్యాపారుల దగ్గర చీరలు కొంటుంది. పేదవాడల స్త్రీలకు కుట్టుపని నేర్పి, స్థానిక స్వచ్ఛంద సంస్థలతో కలిసి వారిచేత సంచులు, నగలు, దుస్తులు చేయిస్తుంది. మొదటి వస్తువులు చాలా చిన్నవి, గుడ్డపట్టీలు చుట్టిన గాజులు, హారాల లాంటివి. ఇందులో తెలివైన లెక్క ఉంది: చిన్న వస్తువుకి చీరలో మచ్చలేని జానెడు గుడ్డ చాలు, కొత్తగా నేర్చుకునే చెయ్యి పొరపాటు చేసినా పెద్ద నష్టం లేదు. తర్వాత ఇటలీ ఫ్యాషన్ సంస్థ గుచ్చి సహకారంతో ఎంబ్రాయిడరీ శిక్షణ మొదలైంది. 2019లో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో మొట్టమొదటి సర్క్యులర్ డిజైన్ ఛాలెంజ్ బహుమతి ఈ సంస్థకే వచ్చింది.

కోల్‌కతాలో మేఘనా నాయక్ నడిపే లతాసీత కూడా పాత చీరల నుంచే దుస్తులు కుడుతుంది. క్రితి తులా 2012లో ఢిల్లీలో ప్రారంభించిన డూడ్లేజ్ ఇంటి నుంచి వచ్చే బట్టకన్నా ఫ్యాక్టరీలో మిగిలే గుడ్డనే ఎక్కువగా నమ్ముకుంది. తాను చివర్లు, రంగు తేడాతో తిరస్కరించినవి, కత్తిరింపు ముక్కలు అందులోకి వస్తాయి. ఎవరూ తొడగని గుడ్డ కాబట్టి ఉతుకు, మరకల బెడద తక్కువ, ఒకే రకం కాస్త ఎక్కువ దొరుకుతుంది, నాలుగు సైజుల్లో కుట్టవచ్చు. వ్యాపారపరంగా నిలదొక్కుకున్న అప్‌సైక్లింగ్ బ్రాండ్లలో చాలావరకు ఈ దారిలోనే ఉండటం యాదృచ్ఛికం కాదు.

వ్యాపారం అనలేం గాని, గూంజ్‌ను వదిలి ఈ రంగం గురించి చెప్పడం కుదరదు. అన్షు గుప్తా 1990ల చివర్లో ఇంట్లో పోగైన 67 బట్టలతో మొదలుపెట్టిన ఈ ఢిల్లీ సంస్థ పాతబట్టను దానంగా ఇవ్వడానికి ఒప్పుకోదు. ఊరివాళ్లు తమకు కావలసిన పని తామే ఎంచుకుంటారు: చెరువు పూడిక, వెదురు వంతెన, బాట. పని చేసినందుకు బట్టలు, సామాన్ల మూట అందుతుంది. తొడగడానికి పనికిరాని నూలుగుడ్డను ఉతికి, ఏరి నెలసరి గుడ్డప్యాడ్లు చేస్తారు. మిగిలిన పీలికలు సుజనీ పరుపులు, సంచులు అవుతాయి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దాతలు పంపిన బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. చిరిగినవి, చలిదేశపు ఉన్నివి, ఎవరికీ సరిపోనివి. వాటిని ఏరి దారికి తెచ్చే పనిలో గూంజ్ చేరింది. ఎన్ని బట్టలు పంపామన్న లెక్క కన్నా ఎవరు ఏరారన్నది ముఖ్యమని అర్థం కావడానికి ఆ గుట్టలు చాలు. అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

చీల్చే దారి

అప్‌సైక్లింగ్ పక్కనే దానికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన మరో పరిశ్రమ ఉంది. 1813లో ఇంగ్లండ్ యార్క్‌షైర్‌లోని బాట్లీలో బెంజమిన్ లా అనే బట్టల వ్యాపారి పాత ఉన్నిగుడ్డలను చీల్చి, కొత్త ఉన్నితో కలిపి వడికే పద్ధతి కనిపెట్టాడు. ఆ నూలుకు షాడీ అని పేరు. ఆ పరిశ్రమ మకాం ఇప్పుడు హర్యానాలోని పానిపట్. పడమటి దేశాల నుంచి ఓడల్లో వచ్చిన స్వెట్టర్లు, కోట్లు అక్కడ గుట్టలుగా చేరతాయి. స్త్రీలు నేలమీద కత్తిపీటల ముందు కూర్చుని గుండీలు, జిప్పులు, అస్తరులు కోసి తీస్తారు. తర్వాత రంగుల వారీగా వేరుచేస్తారు. ఎర్రవన్నీ ఒకచోట చీల్చితే నూలు ఎర్రగానే వస్తుంది, అద్దకం ఖర్చు ఉండదు. విపత్తులు వచ్చినప్పుడు పంచే చవక దుప్పట్లు చాలాకాలం ఇక్కడివే. తర్వాత పాలిస్టర్ దుప్పట్లు మెత్తగా, తేలిగ్గా, అదే ధరకు రావడంతో షాడీ మిల్లులు కష్టాల్లో పడ్డాయి. ఈ పనివాళ్ల మీద మేఘనా గుప్తా 2012లో తీసిన 'అన్‌రావెల్' అనే చిన్న డాక్యుమెంటరీలో, ఇంత మంచి బట్టలు విదేశీయులు ఎందుకు పారేస్తారని స్త్రీలు చర్చించుకుంటారు. వాళ్ల దేశంలో ఉతకడానికి నీళ్లు ఖరీదేమోనని తేలుస్తారు.

చీల్చిన ప్రతిసారీ పీచు పొట్టిదవుతుంది, నూలు బలహీనపడుతుంది. నూలు, పాలిస్టర్ కలిసిన గుడ్డను విడదీయడం కష్టం. సాగే గుడ్డలో ఉండే స్పాండెక్స్ మరీ కష్టం. దుస్తులకు వాడే పదార్థంలో మళ్లీ దుస్తులుగా మారేది ఒక శాతం కన్నా తక్కువని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో అంచనా వేసింది. భారతదేశంలో ఏటా పోగయ్యే వస్త్రవ్యర్థం సుమారు 78 లక్షల టన్నులని ఫ్యాషన్ ఫర్ గుడ్ సంస్థ 2022 నివేదిక చెప్పింది. అందులో సగానికి కాస్త ఎక్కువ ఇళ్ల నుంచి వచ్చేదే. ఈ అంకెల పక్కన అప్‌సైక్లింగ్ బ్రాండ్లు కుట్టే సంచులు, కోట్లు చాలా చిన్న పరిమాణం. ఈ దారిలో ప్రపంచపు చెత్త తీరిపోతుందని చెప్పేవారిని అనుమానంగానే చూడాలి. ఇది ఎక్కువగా ఇచ్చేది పని, అదీ ఇంటిదగ్గర చేసుకోగలిగిన పని.

పెద్ద బ్రాండ్ల ముచ్చట త్వరగా చెప్పేయవచ్చు. ఓర్సోలా డి కాస్ట్రో 1997లో లండన్‌లో 'ఫ్రమ్ సమ్‌వేర్' పేరుతో మిగులుగుడ్డల దుస్తులు మొదలుపెట్టింది. బంగ్లాదేశ్‌లో దుస్తుల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయిన 2013 దుర్ఘటన తర్వాత ఆమె, కేరీ సోమర్స్ కలిసి ఫ్యాషన్ రివల్యూషన్ ఉద్యమం నడిపారు. అమెరికాలో ఐలీన్ ఫిషర్, పటగోనియా తమ సొంత పాతబట్టలు వెనక్కి తీసుకుని మరమ్మతు చేసి అమ్ముతున్నాయి. దుకాణం గుమ్మంలో పాతబట్టల డబ్బా పెట్టి, తెచ్చినవారికి కొత్త బట్టమీద తగ్గింపు కూపను ఇచ్చే సంస్థలు ఇంకా ఎక్కువ. అక్కడ తగ్గేది ఏమిటో చెప్పడం కష్టం. చట్టపరమైన చిక్కులూ ఉన్నాయి: పాత షనెల్ గుండీలతో నగలు చేసి అమ్మిన చిన్న సంస్థమీద 2021లో షనెల్ కంపెనీ అమెరికాలో దావా వేసింది. గుండీ కొనుక్కున్నవారిదే అయినా, దానిమీద గుర్తు ఎవరిదన్నది వాదం.

ఏరే చేతికి ఎవరు కూలి ఇవ్వాలి

ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్న దేశం ఫ్రాన్స్. ఉత్తర ఫ్రాన్స్ బొగ్గుగనుల ప్రాంతంలో 1984లో పుట్టిన లె రలే, పని దొరకనివారికి పని కల్పించడం కోసమే పాతబట్టలు సేకరించే సహకార సంస్థ. ఏరగా మంచివి తన దుకాణాల్లో అమ్ముతుంది, కొన్నిటిని ఎగుమతి చేస్తుంది, పనికిరాని నూలుబట్టలతో ఇళ్ల గోడలకు వేడి నిలిపే పలకలు చేస్తుంది. దుస్తులు అమ్మే ప్రతి కంపెనీ వాటి చివరి ఖర్చుకు రుసుము కట్టాలని ఫ్రాన్స్ చట్టం చేసింది; 2023 చివరి నుంచి ఆ నిధిలోంచే దర్జీ దగ్గర మరమ్మతు చేయించుకున్నవారికి కొంత తగ్గింపు వస్తోంది. కానీ చవక ఫ్యాషన్ వల్ల బట్టల నాణ్యత పడిపోయి, తిరిగి అమ్మగలిగేది తగ్గి, ఏరివేత ఖర్చు పెరిగింది. ఏరిన టన్నుకు తమకు వచ్చే 156 యూరోలు చాలవని, 304 కావాలని లె రలే 2025 జులైలో సేకరణ ఆపేసి దుకాణాల ముందు బట్టలు కుమ్మరించింది. ప్రభుత్వం 223కి పెంచింది.

యూరప్ ఏరగా మిగిలింది చేరే చోట్లలో ఘనా రాజధాని అక్రాలోని కాంటామాంటో పాతబట్టల సంత ఒకటి. వారానికి సుమారు కోటిన్నర దుస్తులు అక్కడికి వస్తాయని, బేలులో సుమారు 40 శాతం చెత్తగానే బయటికి పోతుందని ది ఆర్ ఫౌండేషన్ అంచనా. బేలు కట్లు విప్పకుండానే కొనాలి. లోపల ఏముందో అదృష్టం. అయినా ఆ సంతలోనే వేలమంది దర్జీలు, రంగులు వేసేవాళ్లు, ఇస్త్రీవాళ్లు ఉన్నారు. పెద్ద సైజు చొక్కాలను చిన్నవి చేస్తారు, వెలిసిన జీన్సుకు మళ్లీ రంగు వేస్తారు, దుప్పట్లను లాగులు చేస్తారు. యాయ్రా అగ్బోఫా స్థాపించిన ది రివైవల్ వంటి సంస్థలు ఈ చేతులతోనే కొత్త దుస్తులు కుట్టిస్తున్నాయి. 2025 జనవరి మొదట్లో పెద్ద అగ్నిప్రమాదం ఆ బజారులో ఎక్కువ భాగాన్ని బూడిద చేసింది. కొన్ని నెలల్లోనే వ్యాపారులు మళ్లీ కొట్లు కట్టుకున్నారు.

అంతకు ముందే, 2023లో, కాంటామాంటో వ్యాపారులు కొందరు బ్రస్సెల్స్ వెళ్లి యూరోపియన్ యూనియన్ ప్రతినిధులను కలిశారు. 2025 జనవరి 1 నుంచి సభ్యదేశాలన్నీ పాతబట్టలను విడిగా సేకరించాలన్న నిబంధన అప్పటికే ఖరారైంది. అంటే బేళ్లు ఇంకా పెరుగుతాయి. వారు దిగుమతులు ఆపమని అడగలేదు. కంపెనీలు కట్టే రుసుము బట్ట వెంటే రావాలని, ఆఖరున దాన్ని ఏరి, ఉతికి, కుట్టి అమ్ముతున్నది తాము కాబట్టి అందులో తమకు భాగం ఉండాలని అడిగారు.